గోడకు అవతలి పొయ్యి

నీళ్ళలోకి కరెంటు పంపి విడగొడితే ఒక పాలు ఆక్సిజనూ రెండు పాళ్ళు హైడ్రోజనూ వస్తాయి. బడి పిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. వరంగల్‌లో మా కంపెనీ ఆ ఒక పాలును జాగ్రత్తగా పట్టి, నల్ల సిలిండర్లలో కుక్కి, దవాఖానలకూ వెల్డింగు షాపులకూ అమ్ముకునేది. మిగిలిన రెండు పాళ్ళనూ షెడ్డు కప్పు మీద నిలబెట్టిన ఇనుప గొట్టం గుండా ఆకాశంలోకి వదిలేసేది, కొనేవాళ్ళు లేరు గనక. డెబ్బయ్యవ దశకం చివర్లో, ముప్పై దాటిన వయసులో, నేను ఆ బ్రాంచికి మేనేజర్‌ని. బయటివాళ్ళకు అది పెద్ద ఉద్యోగం. నాకు మాత్రం పొద్దస్తమానం ఆ గొట్టం చప్పుడే వినపడేది. నిద్రపోతున్న మనిషి నోటితో ఊపిరి వదిలినట్టు సన్నగా, తెంపు లేకుండా. కుర్చీలో కూర్చుంటే అది నా నెత్తి మీదే వదులుతున్నట్టుండేది. లేచి తిరిగేవాణ్ణి.

మా నాయనది హనుమకొండలో కిరాణా దుకాణం. చింతపండు బుట్టలో అడుగున మిగిలిన తొక్కును కూడా పారెయ్యనిచ్చే మనిషి కాదు. నేనేం పని చేస్తానో ఆయనకు చివరిదాకా సరిగ్గా అర్థం కాలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళతో "మావోడు గాలి అమ్ముతాండు" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవాడు. ఒకసారి ఉండబట్టలేక నేనే చెప్పాను, అమ్మేది కొంతేననీ, దానికి రెండింతలు పారబోస్తామనీ. ఆయన తక్కెడ కింద పెట్టేశాడు.

"పారబోసుడేంది? ఎవ్వలన్న కొంటరేమో అడిగినవా?"

"అడిగిన నాయినా. కొనేటోళ్ళు లేరు."

"లేరంటె? నువ్వు సరిగ్గ అడగలే."

కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, జీపూ డ్రైవరూ ఉన్నవాణ్ణి, నన్ను పట్టుకొని సరిగ్గా అడగలేదంటాడా అని నాకు తెగ కోపమొచ్చింది. ఆ కోపంతోనే మళ్ళీ అడగడానికి బయల్దేరాను. బెలూన్లు అమ్మేవాళ్ళను అడిగాను. సోడా కొట్టువాళ్ళను కూడా అడిగాను, వాళ్ళకు దీంతో పనిలేదని తెలిసి తెలిసి. తొర్రూరులో ఒక నూనె మిల్లు యజమాని ఉన్నాడంటే జీపు వేసుకొని పోయాను. నూనెను గడ్డకట్టించి డాల్డాలాంటిది చెయ్యడానికి హైడ్రోజన్ కావాలి, ఆయనకు అలాంటి ఆలోచన ఉందని ఎవరో చెప్పారు. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, పక్కనే పేపరు చదువుతున్న గుమాస్తాను అడిగాడు, హైడ్రోజన్ అంటే ఏందని.

"తెలుగుల ఉదజని అంటరు సేటూ," అన్నాడు గుమాస్తా. "ఉదజని బాంబు అని పేపర్ల రాస్తరు సూడు, గదే."

సేటు మొహంలో రంగు మారింది. నాకు గబగబా చాయ్ తెప్పించాడు, బిస్కట్లు తెప్పించాడు, తాగేదాకా ఆగి చేతులు జోడించాడు. "జర మా మిల్లు దిక్కు రాకు సారూ, పిల్లలు గలోణ్ణి" అన్నాడు. దారి పొడుగునా నా డ్రైవరు నవ్వుతూనే ఉన్నాడు. ఊరికొచ్చాక వాడే అందరికీ చెప్పి ఉంటాడు, కొన్నాళ్ళు నన్ను చాటుగా బాంబు సారు అన్నారు.

అవి పెట్రోలు ధర ఉన్నట్టుండి పెరిగిన రోజులు. రేపటి ఇంధనం హైడ్రోజనేనని పేపర్లు రాస్తుండేవి. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. రేపటి ఇంధనాన్ని నేను ఇవాళ పొద్దున్నుంచీ పారబోస్తున్నాను. అది చాలదన్నట్టు బొంబాయి హెడ్డాఫీసు నుంచి మా పెద్దసారు ఫోన్ చేసి ఒక మాట తేల్చి చెప్పాడు. మామూలు గాలి నుంచే ఆక్సిజన్ తీసే కొత్త ప్లాంటు మాకు వస్తోంది. అది వచ్చాక నీళ్ళు విడగొట్టే పాత సెల్లులన్నీ తుక్కు కిందికి పోతాయి. "ఈలోగా నీ హైడ్రోజన్‌కు ఒక్క పనికొచ్చే వాడకం చూపించు, సెల్లులు ఉంచుతాను," అన్నాడు. ఆ ఒక్కటి ఎక్కడ దొరుకుతుందా అని నేను ఊరంతా తిరిగాను. అది మా గోడకు ఆనుకునే ఉంది.

మా ప్లాంటు కాశిబుగ్గ చివర ఉండేది. వెనక గోడకు అవతల ఒక రేకుల షెడ్డు. జంపఖానాలు నేసేవాళ్ళకు నూలు రంగు వేసిచ్చే చోటు అది. అక్కడి పొయ్యి పొగ గోడ దాటి మా సెల్లుల షెడ్డు మీదికి వచ్చేది, గాలి ఇటు తిరిగిన రోజున నిప్పురవ్వలు కూడా. కప్పు మీద హైడ్రోజన్ వదిలే గొట్టం, ఆ పక్కనే ఎగిరే నిప్పురవ్వలు. ఒకరోజు చూసి చూసి గోడ చుట్టూ తిరిగి కొట్లాటకు వెళ్ళాను.

షెడ్డు నడిపేది అరవైకి దగ్గరపడ్డ ఒక పెద్దావిడ. భర్త పోయాడు. కొడుకూ కోడలూ ముందుగదిలో మగ్గాల మీద ఉన్నారు. ఆమె రాగి గంగాళం ముందర కూర్చొని, కర్రకు వేలాడదీసిన నూలు చిలపలను, అంటే చుట్టలుగా కట్టిన నూలును, ఉడుకుతున్న రంగులో తిప్పుతోంది.

"ఈ పొయ్యి ఇక్కడినుంచి తీసెయ్యాలె పెద్దమ్మా," అన్నాను. "పక్కన గ్యాస్ ఉన్నది. ఒక్క నిప్పురవ్వ పడ్డదంటె మీరూ ఉండరు, మేమూ ఉండం."

"మీ గోడ మొన్న లేసింది. ఈ పొయ్యి మా అత్త పెట్టింది," అంది ఆమె తలెత్తకుండానే. "నీ గోడ తీసుకపో."

నేను ఇంకో మాట అనబోతుంటే తలెత్తింది. కళ్ళు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. నీళ్ళు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంటూ నన్ను చూడటానికి ప్రయత్నిస్తోంది. కోపమంతా ఎటు పోయిందో, కళ్ళకేమైందని అడిగాను.

"పొగ. ఇంకేంది? పొయ్యికాడ కూసుంటె చూపు పోతదని దవాఖానల డాక్టరు చెప్పిండు. కూసోకుంటె రంగెవలేస్తరు? ఆయనేస్తడా?"

తర్వాత చాలాసార్లు ఆ షెడ్డులో కూర్చున్నాను గనక నాకు తెలుసు. ఆ వాడలో ఏ ఎరుపు ఎంత ఎరుపో తేల్చేది ఆ రెండు కళ్ళే. చిలపను ఎత్తి పిండి, గుమ్మం దగ్గరి వెలుతురులో పట్టుకొని, "ఇంకో ఉడుకు" అనో "సాలు" అనో అనేది. దానికి తిరుగులేదు. కిందటేడు వేసిన నీలమూ ఈ ఏడు వేసిన నీలమూ పక్కపక్కన పెడితే తేడా తెలిసేది కాదు. కోడలికి మగ్గం వచ్చుగాని రంగు రాదు. ఆమె చూపు పోయిందంటే నేతవాళ్ళు బజారులో మిల్లు రంగు నూలు కొనుక్కుంటారు, షెడ్డు మూతపడుతుంది. చెయ్యి ఆడినంత కాలం ఒకరి మీద ఆధారపడనని ఆమె పట్టుదల. ఆమెకున్నది అంతే, అది ఆ కళ్ళ మీద నిలబడి ఉంది.

ఆ సాయంత్రం నేను ప్లాంటు ఆవరణలో గోడ వెంబడి ఎన్ని చుట్లు తిరిగానో. గోడకు ఇటువైపు పొగ లేకుండా మండేది ఊరికే ఆకాశంలోకి పోతోంది. అటువైపు పొగకు ఒక మనిషి కళ్ళు పోతున్నాయి. మధ్యలో ఉన్నవి నాలుగు ఇటుకలు.

పెద్దసారును ఒప్పించడానికి గొంతు పోయేలా ఫోన్లో మాట్లాడాను. కొత్త ప్లాంటు వచ్చేదాకా ప్రయోగంగా చూడమన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. వాల్వు బయటివాళ్ళ చేతిలో ఉండకూడదు, మా గోడకు ఇటువైపే ఉండాలి, మా ఆపరేటరే తిప్పాలి. సరేనన్నాను. ఆ తొందరలో ఏ షరతు పెట్టినా సరేననేవాణ్ణే. గోడకు బొక్క కొట్టి, సన్న పైపు లాగి, గంగాళం కింద ఇనుప బర్నరు బిగించాం.

మొదటిరోజు వాడ వాడంతా షెడ్డు ముందర చేరింది. మా ఆపరేటరు ఇటు వాల్వు తిప్పాడు, నేను అటు అగ్గిపుల్ల గీసి పెట్టాను. టప్పుమంది. ఆ తర్వాత ఏమీ లేదు. హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. నాకు తెలుసు, కానీ వాళ్ళకు చెప్పాలని తట్టలేదు.

"ఏది మంట?" అంది పెద్దావిడ.

"మండుతాంది పెద్దమ్మా."

"ఎక్కడ?"

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సారుకు ఏదో గాలి సోకిందని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆమె చెయ్యి ముందుకు చాపి, చటుక్కున వెనక్కి తీసుకుంది. కాసేపటికి గంగాళంలో నీళ్ళు కూతపెట్టి మరగడం మొదలైంది. కింద ఏమీ లేదు, పైన నీళ్ళు కుతకుతమంటున్నాయి. ముసలివాళ్ళు ఇద్దరు దండం పెట్టారు. ఆమె మాత్రం ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "పొగ లేదు, నుసి లేదు. గిది దొరల పొయ్యి పిల్లా" అని కోడలితో అంది. నాకు ఎంత సంతోషమైందంటే, ఇంటికి పోయి నాయనతో చెబితేగాని మనసు నిలవలేదు. "నేను చెప్పలే, సరిగ్గ అడగాలని" అన్నాడాయన.

మంట ఉందో లేదో తెలియడానికి బర్నరు మీద ఇనుప తీగను చుట్టలా పెట్టాం. మండితే అది ఎర్రబడుతుంది. కొన్నాళ్ళకు కాలి తెగిపోయేది, కొత్తది పెట్టేవాళ్ళం. తెగాక కొత్తది వచ్చేదాకా మాత్రం మాటే ఆధారం. ఆమె గోడ అవతలి నుంచి కేక వేస్తే మా ఆపరేటరు వాల్వు తిప్పేవాడు. మంట పెంచాలంటే "జోరు" అనేది. తగ్గించాలంటే "నిమ్మలం". పని అయిపోయాక ఏమనేదో మొదటిసారి విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను.

"పొయ్యి పెద్దగ చెయ్యి బిడ్డా!"

ఆపరేటరు మారుమాట్లాడకుండా వాల్వు కట్టేశాడు.

"ఆమె పెద్దగ చెయ్యమంటె నువ్వు బంద్ చేసినవేంది?" అన్నాను.

అతను నా వంక జాలిగా చూశాడు. "దీపాన్నీ పొయ్యినీ ఆర్పు అనద్దు గద సారూ. మా అవ్వ కూడ గట్లనే అంటది."

దీపం కొండెక్కిందనడం నేనూ విన్నదే. ఆర్పడాన్ని పెద్దది చెయ్యడమనే పాత అలవాటు ఆ ఇంట్లో ఇంకా మిగిలి ఉందన్నమాట. ఇంటికి అన్నం పెట్టే మంటను ఆర్పమంటే అరిష్టమని, తల్లకిందుల మాట ఒకటి పెట్టుకున్నారు. ఆపరేటరూ ఆ పక్క ఊళ్ళవాడే గనక ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. నేను నవ్వుకున్నాను.

ఆ కొన్ని నెలలూ నేను నేల మీద లేను. ఆమె కళ్ళ వాపు తగ్గింది. సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నానని ఒకరోజు గొప్పగా చూపించింది. నాకు ఒక షెడ్డు ఎక్కడ సరిపోతుంది? కాశిబుగ్గలో రంగు ఉడికే ప్రతి పొయ్యికీ పైపు వెయ్యాలి, ఆ తర్వాత హోటళ్ళకు, ఆ తర్వాత దవాఖాన వంటగదికి. జీపు మీద ములుగు దాకా పోయి, అడవి నుంచి పట్నానికి వచ్చే కట్టెల బండ్లను చూసి, ఇవన్నీ మానిపిస్తానని నాలో నేనే మాట్లాడుకునేవాణ్ణి. భోజనం దగ్గర కూడా కంచం అంచున వేలితో పైపులైన్లు గీసేవాణ్ణి. నా కాళ్ళకు చక్రాలున్నాయనీ, అన్నం తినేటప్పుడన్నా వాటిని విప్పి పక్కన పెట్టమనీ నా భార్య గొడవ. కొత్త ప్లాంటు ఇవాళో రేపో వస్తుంది, ఆలోగా పెద్దసారు కళ్ళతో చూడాలి. రమ్మని పోరాను. చివరికి వచ్చాడు, వెంట మరో ఇద్దరితో.

ఆయన వచ్చిన రోజున మా ఆపరేటరు లేడు, చెల్లెలి పెళ్ళికి ఊరికి వెళ్ళాడు. బదులుగా వచ్చినవాడు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. డిప్లొమా చదివినవాడు, నెమ్మదస్తుడు. జోరు, నిమ్మలం అన్నీ చెప్పించుకొని నేర్చుకున్నాడు. ఆర్పమని నేరుగా చెబుతారులే అనుకున్నాడేమో, ఆ మాట ఏమిటని అతనూ అడగలేదు, అతనికెవరూ చెప్పనూ లేదు. ఇనుప తీగ ఆ వారంలోనే తెగింది. కొత్తది వెల్డింగు షాపు నుంచి రావాలి.

నేను ఆవరణ మధ్యలో నిలబడి, పెద్దసారుకు కప్పు మీది గొట్టం చూపిస్తున్నాను. సిలిండర్లు నింపే కంప్రెసర్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అంత మోతలోనూ గోడ అవతలి కేక నాకు వినపడింది. ఆమె గొంతు పట్టుకోవడం నా చెవికి అలవాటైపోయింది.

"పొయ్యి పెద్దగ చెయ్యి బిడ్డా!"

"అలాగే పెద్దమ్మా," అన్నాడు కొత్త మనిషి మర్యాదగా. వాల్వు చక్రం పట్టుకొని పూర్తిగా తెరిచాడు.

"ఆర్పు!" అని అరిచాను. "ఆర్పు, ఆర్పు!" అంటూ గోడ వైపు పరిగెత్తాను. అతను నా వైపు చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని చూస్తున్నాడు. నేను చేరి చక్రం తిప్పేసరికి ఆలస్యమైపోయింది. మంట ఆరిపోయిందనుకొని ఆమె గంగాళం దించడానికి రెండు వైపులా గుడ్డ పట్టుకొని చేతులు పెట్టింది. కనపడని మంట అంచులు దాటి పైకి లేచి ఉంది. గుడ్డ అంటుకున్నాకే ఆమెకు మంట కనపడింది.

నేను గోడ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి కోడలు పక్కనున్న నీలిరంగు నీళ్ళ బకెట్టు ఆమె మీద గుమ్మరించి ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది, బొబ్బల మీద నీలం. ఆమె ఏడవడం లేదు. పళ్ళు బిగించి కూర్చుంది. జీపులో ఎక్కించుకొని దవాఖానకు తీసుకెళ్తుంటే సగం దారిలో మాట్లాడింది.

"నా పొయ్యిని పట్టుకొని ఆ మాట అంటివి గద సారూ."

"వాల్వు అటు తిప్పిండు పెద్దమ్మా. గందుకే అరిచిన."

"వాడు తెల్వక తిప్పిండు. నువ్వు తెలిసి అన్నవు."

చెయ్యి కాలినందుకు ఆమెకు నా మీద కోపం లేదు. ఆర్పు అన్నందుకు ఉంది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి, మాటకు మంట ఆరదని తెలుసు. అయినా జీపులో ఆ నిమిషాన నాకు భయం వేసింది. ఎందుకో చెప్పలేను.

ఆ సాయంత్రమే పెద్దసారు లైను తీసెయ్యమన్నాడు. నేను గొడవపడ్డాను. ఒక్క మాట తేడాకు ఇంత పనిని మూసేస్తారా అన్నాను. వాల్వును ఆమె వైపే పెడదాం, ఆమె చేతికే ఇద్దాం, అప్పుడు మాటతో పనే ఉండదు అన్నాను.

"చూపు సరిగ్గా లేని మనిషి చేతికి, కనపడని మంటను ఇస్తావా?" అన్నాడాయన.

ఆయన అన్నది నిజమే. ఆ నిజం అన్నందుకు ఆయన మీద నాకున్న కోపం మాత్రం ఇప్పటికీ ఉంది.

కట్టు విప్పకముందే ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ ఆపితే వాణ్ణి తిట్టి లోపలికి వచ్చి, నా టేబులు ముందర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పొయ్యి ఇయ్యి సారూ."

"నా చేతుల లేదు పెద్దమ్మా. పైనుంచి వద్దన్నరు."

"చెయ్యి కాలింది నాది. నొప్పి నాది. పైనోళ్ళకేంది ఫికర్? కండ్లు ఇప్పుడిప్పుడే తేటవడ్డయ్. మల్ల కట్టెల పొయ్యికాడ కూసుంటె ఏమైతదో నీకెర్కలేదా?"

ఎరుకే. అందుకే ఆమె మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను. ఆమె వెళ్ళాక బొంబాయికి ట్రంక్‌కాల్ చేసి, జీవితంలో ఎప్పుడూ అరవనంతగా పెద్దసారు మీద అరిచాను. ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన ఓపిగ్గా విని, నేను ఊపిరి తీసుకునే సందు చూసి చెప్పాడు. హెడ్డాఫీసులో కొత్త ఇంధనాల విభాగం పెడుతున్నారట. వరంగల్‌లాంటి ఊళ్ళో హైడ్రోజన్‌ను పొయ్యి దాకా తీసుకెళ్ళినవాడు దేశం మొత్తంలో నేనొక్కణ్ణే కనపడ్డానట. నా పేరు ఇచ్చేశాడట. మానేస్తానన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు. ఆ ప్రమోషన్ నాకు ఆమె గంగాళం కింది మంట వల్లే వచ్చింది. ఆ సంగతి ఆయనకు వింతగా అనిపించలేదు.

కొత్త ప్లాంటు వచ్చింది. సెల్లులను కోసి తుక్కు చేశారు. కప్పు మీది గొట్టం చప్పుడు ఆగిపోయిన రోజున నాకు ఊరట కలగాల్సింది. కలగలేదు. గోడకున్న బొక్కను సిమెంటుతో మూసేశారు.

ఎనభైలలో నా తిరుగుడు చూస్తే మా నాయనకు కళ్ళు తిరిగేవి. బొంబాయి, బరోడా, మద్రాసు. పెద్ద హోటళ్ళ చల్లటి హాళ్ళలో తెర మీద దక్కను పటం వేసి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి హైడ్రోజన్ పైపులు పోవాలో కర్రతో చూపించేవాణ్ణి. వరంగల్ దగ్గర కర్ర కాసేపు ఆగేది. ప్రశ్నలు అడిగేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు. ఏ పైపూ పడలేదు. ప్రతి సభ అయిపోయాకా ఇంకో సభ ఉండేది. నేను ఎక్కడా నాలుగు రోజులు నిలిచేవాణ్ణి కాదు. నిలబడితే ఏదో ఒకటి అడుగుతారని భయపడుతున్న మనిషిలా ఉండేవాణ్ణి.

అలాంటి సభ ఒకటి వరంగల్‌లోనే పెట్టారు. ఊరివాణ్ణని నన్ను ముఖ్య వక్తగా పిలిచారు. స్టేషనులో కారు ఎక్కాక డ్రైవరును కాశిబుగ్గ మీదుగా పోనిమ్మన్నాను. దారి అది కాదన్నాడు. తెలుసన్నాను.

షెడ్డు ఉంది. లోపల కంటిలో పొడిచే పొగ. ఆమె పొయ్యి ముందర వంగి ఊదుతోంది, పచ్చి కట్టెలు అంటుకోవడం లేదు. కుడిచేతి తోలు ముడతలుపడి మెరుస్తోంది. నా అడుగుల చప్పుడుకు తలెత్తింది గానీ, నేను పలికితేగాని నన్ను గుర్తుపట్టలేదు.

"ఏడికి పోతానవు, గిట్ల మంచి బట్టలేసుకొని?"

"సభ ఉన్నది పెద్దమ్మా. మాట్లాడాలె."

"ఏం మాట్లాడుతవు?"

"పొగ లేని మంట గురించి."

"మంచిగ మాట్లాడు," అంది. ఎత్తిపొడుపు ఏమీ లేదు. అది ఉన్నా నాకు కొంత తేలికగా ఉండేది. ఆమె ముందుగది వైపు చెవి పెట్టి, కోడలి మగ్గం ఆడుతున్న చప్పుడు విని, కర్ర మీది నుంచి ఒక చిలప తీసింది. చుట్టూ తడుముకొని నా చేతిలో పెట్టి గొంతు తగ్గించింది.

"జర గుమ్మంకాడికి పోయి చూడు బిడ్డా. ఎరుపేనా?"

వాడంతటికీ రంగు చెప్పిన మనిషి నన్ను రంగు అడుగుతోంది. సిలిండర్ల రంగులు తప్ప ఇంకేమీ తెలియనివాణ్ణి నన్ను. వెలుతురులో పట్టుకొని చూశాను. ఎరుపే, నిండైన ఎరుపు. అదే చెప్పాను. ఇంకోటి ఇచ్చింది, పసుపు. అదీ సరిగ్గానే ఉంది. చేతికి ఇంకా అన్నీ గుర్తున్నాయి. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. మూడోది ఇస్తూ, "గిది నీలం. మంచిగ తేలిందా?" అంది.

అది ఆకుపచ్చ. పాకుడు పట్టిన గోడలాంటి ఆకుపచ్చ. నీలమేననాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ నూలు సాయంత్రానికి ఎవరో నేతమనిషి చేతికి పోతుంది, అప్పుడు వాళ్ళే చెబుతారు, అందరి ముందరా చెబుతారు.

"ఆకుపచ్చ అయింది పెద్దమ్మా."

ఆమె చిలపను నా చేతిలోంచి తీసుకొని, దాన్ని చూడనైనా చూడకుండా, తొడ మీద పెట్టుకొని అరచేత్తో నిమిరింది.

"కోడలికి చెప్పకు," అంది. "నల్లరంగుల ముంచుత. నలుపైతె ఎవలకెర్కగాదు. ఆ డబ్బా ఏడున్నదో జర తీసియ్యి."

మూలన చెక్క మీద డబ్బాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. నేను ఒక్కొక్క డబ్బా వెలుతురులోకి తెచ్చి, మూత తీసి చూసి, నలుపు దొరికాక ఆమె చేతిలో పెట్టాను.